యూనివర్సల్ ఏసీ బోర్డు కిట్: కొనేముందు మోటారు సంగతి తేల్చుకోండి

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ స్పేర్ పార్టుల షాపుకెళ్లి పాత ఏసీకి బోర్డు అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది ఈ యూనివర్సల్ కిట్టే. కంట్రోల్ బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, డిస్‌ప్లే, రిమోట్, రూముకొకటి కాయిల్‌కొకటి రెండు సెన్సర్లు ఉంటాయి. కంపెనీ బోర్డు దొరకని ఫిక్స్‌డ్ స్పీడ్ స్ప్లిట్ ఏసీకి పనికొచ్చే సరుకే. ఇన్వర్టర్ ఏసీకి పనికిరాదు, షాపతను ఎంత నచ్చజెప్పినా సరే.

కొత్త బోర్డు వేసినా బ్లోయర్ (ఇండోర్ యూనిట్ ఫ్యాన్) కాసేపు తిరిగి ఆగిపోతోందని కిట్‌ను తిట్టేవాళ్లు చాలామంది. తప్పు చాలావరకు మోటారుది. పీజీ మోటారుకు, అంటే వేగం చెప్పే సెన్సర్ లోపలే ఉన్న బ్లోయర్ మోటారుకు, రెండు ప్లగ్గులుంటాయి. లావు వైర్లు వైండింగ్‌వి (మోటారు లోపలి రాగి చుట్టవి), మూడు సన్న వైర్లు లోపలి హాల్ సెన్సర్‌వి. ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సర్ పల్సులతో బోర్డుకు చెబుతుంది. ఆ పల్సు రాకపోతే ఫ్యాన్ ఇరుక్కుందనుకుని బోర్డు ఆపేస్తుంది. ఏ బోర్డు వేసినా ఇదే కథ.

ముందు కెపాసిటర్ చూడాలి, అన్నిటికన్నా చవక అదే. ఇండోర్ ఫ్యాన్‌కు మామూలుగా 1 నుంచి 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. మోటారు గుర్రుమంటూ, చేత్తో తోస్తే తిరిగితే మొదటి అనుమానం దానిమీదే. తర్వాత కరెంటు తీసేసి వైండింగ్ ఓమ్స్ చూడాలి. ఏ రెండు లావు వైర్ల మధ్యా ఓపెన్ (తెగినట్టు) చూపకూడదు, బాడీకి అసలు కంటిన్యుటీ రాకూడదు.

ఇక సెన్సర్. సప్లై ఇచ్చి, రిమోట్‌తో ఆఫ్‌లో ఉంచి, మీటరు డీసీలో పెట్టి సన్న ప్లగ్గులో గ్రౌండుకూ సిగ్నల్‌కూ మధ్య పట్టుకుని, బ్లోయర్‌ని మెల్లగా చేత్తో తిప్పాలి. రీడింగు 0కీ 5 వోల్టులకూ మధ్య ఎక్కిదిగితే సెన్సర్ బాగున్నట్టే. కొన్ని బోర్డుల్లో 5 బదులు 12 ఉంటుంది. అసలు సప్లై వోల్టేజే రాకపోతే ఆఫ్ చేసి సన్న ప్లగ్గు పీకి మళ్లీ ఆన్ చేయండి. అప్పుడు వచ్చిందా, మోటారు లోపల సెన్సర్ షార్ట్. బోర్డును అనవసరంగా నిందించినట్టు. పక్కనే 230 వోల్టులుంటాయి కాబట్టి ఇది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

రిమోట్‌తో ఆపినా ఫ్యాన్ ఆగకుండా ఫుల్ స్పీడులో తిరుగుతుంటే చాలావరకు ట్రయాక్ (ఫ్యాన్‌కు కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్) షార్ట్. మోటారు ప్లగ్గు తీసేసినా ఫ్యూజు పోతుంటే వేరిస్టర్ (హై వోల్టేజి నుంచి బోర్డును కాపాడేది) గానీ బోర్డులో ఇంకేదైనా గానీ షార్ట్. మోటారు పెడితేనే పోతే మోటారుదే దోషం. ట్రయాక్, వేరిస్టర్ విడిగా దొరుకుతాయి. సోల్డరింగ్ వచ్చినవాడుంటే కిట్ అక్కరే లేదు.

కిట్ లోపాలకొస్తే, వాళ్లిచ్చిన సెన్సర్లనే వాడాలి. బోర్డు 10కే (10 కిలో ఓమ్స్) సెన్సర్‌కు చేసినదైతే, పాత 5కే సెన్సర్‌ను తగిలిస్తే రూము నిజంగా ఉన్నదానికన్నా బాగా వేడిగా చూపిస్తుంది. కంప్రెసర్ ఆగదు, కాయిల్ మీద మంచు కట్టే ప్రమాదముంది. స్వింగ్ మోటారు ప్లగ్గు పిన్నుల వరుస అన్నిటికీ ఒకటి కాదు. కంప్రెసర్ రిలే లగ్గు (వైరు చివర క్లిప్పు) వదులైతే వేడెక్కి ప్లాస్టిక్ కాలుతుంది, క్రింపింగ్ ప్లయర్‌తో గట్టిగా బిగించాలి. డిస్‌ప్లే ముందు ప్యానెల్‌లో కూర్చోదు, డబుల్ టేపే గతి.

మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి బోర్డు వెనక రాగి పచ్చబడుతుంది. వెనక పూత లేని బోర్డైతే పీసీబీ లాకర్ స్ప్రే కొట్టండి, కనెక్టర్ల మీదా రిలేల మీదా పడకుండా. బల్లులు దూరే సందుల్ని జాలీతో మూయండి. బల్లి పడి కాలిన బోర్డుకు గ్యారంటీ అడిగితే షాపతను నవ్వుతాడు.

కొనేటప్పుడు పాత బోర్డు వెంట తీసుకెళ్లండి. పీజీ మోటారుకు ఒక కిట్, మూడు స్పీడు వైర్ల మోటారుకు వేరే కిట్. పాత ప్లగ్గులు కోయకముందే అన్నీ తగిలించి చూడండి, వైరు కత్తిరించిన సరుకును వెనక్కి తీసుకునే కౌంటరు అరుదు.