జెనరేటర్‌కు ఇంధనం మోసేందుకు: ఇనుప జెర్రీక్యానా, ప్లాస్టిక్ క్యానా?

2023 డిసెంబరు మిచౌంగ్ తుపానుకి చెన్నైలో వేళచ్చేరి, పళ్ళికరణై వీధులు మునిగి కరెంటు పోయినట్టు మళ్ళీ పోతే, బంకు నుంచి ఇంధనం దేంట్లో తేవాలి?

పెట్రోలు జెనరేటరైతే ఆలోచించక్కర్లేదు, ఇనుపదే. పెట్రోలియం చట్టం లైసెన్సు లేకుండా 30 లీటర్ల వరకే ఉంచుకోనిస్తుంది. లోహపు డబ్బా 25 లీటర్లు దాటకూడదు, ప్లాస్టిక్ మాటే అందులో లేదు. ప్లాస్టిక్ మీద చేరిన స్టాటిక్ కరెంటు (రాపిడితో పుట్టేది) నేలలోకి దిగదు. ఒక్క నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకుంటుంది. ఇనుప క్యాన్‌నైనా ఆటోలోనో స్కూటర్ మీదో ఉంచి నింపొద్దు. నేల మీద పెట్టి, నాజిల్‌ని క్యాన్ మూతి అంచుకి ఆనించి పట్టుకోండి. 20 లీటర్ల క్యాన్‌లో 19 దగ్గర ఆపండి, ఎండకు ఇంధనం ఉబ్బుతుంది.

ఇనుముకున్న జబ్బు లోపలి తుప్పు. ఆ పొడి ఫిల్టర్‌ని మూసేస్తుంది. టార్చి వేసి లోపల చూడండి, మూత రబ్బరు చిట్లిందేమో వేలితో తడమండి.

డీజిల్‌కైతే మరమూత ఉన్న మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి రకం ప్లాస్టిక్) క్యాన్ నయమే: తేలిక, తుప్పు పట్టదు, తెల్లదైతే అడుగున చేరిన వాననీరు కనిపిస్తుంది. అరగంట నిలకడగా ఉంచి పైది వంచుకుని, అడుగున మిగిలింది వదిలేయండి. తాగునీళ్ళ 20 లీటర్ల బబుల్ క్యాన్ మాత్రం వద్దే వద్దు, నొక్కుడు మూత కుదుపుకే ఊడుతుంది.

ఏదైనా నిటారుగా, తాడుతో కట్టి తెండి. అద్దాలు మూసిన కారులో వద్దు. జెనరేటర్ ఇంజిన్ ఆపి, చల్లారాకే పోయండి.