జాగ్రత్త: వేట నిషేధంలో కొత్త రంగుతో అమ్మకానికి వచ్చే పాత ఫైబర్ బోట్లు

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులివి. ఒడ్డున ఎక్కడ చూసినా బోట్లకు రంగులు వేయడం, వలలు బాగు చేసుకోవడం. పాత బోట్లు చేతులు మారేది కూడా ఇప్పుడే. పోయిన ఏడాది మే నెలలో మేమూ ఇలాగే ఒకటి కొని మోసపోయాం. మాకు అమ్మినాయన ఈ ఏడు ఇంకో బోటుకు నీలం రంగు వేయించి ఒడ్డున పెట్టాడని మొన్న ఎండుచేపల సంతలో ఒకామె చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన పేరు రాయను. కళింగపట్నం నుంచి భావనపాడు వరకు ఎవరు పాత బోటు కొనబోతున్నా, అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి.

మాకు అప్పటిదాకా ఉన్నది చిన్న తెప్ప. ముగ్గురు దిగితే నాలుగో మనిషికి చోటు లేదు. పెద్దబ్బాయి చేతికి అందివచ్చాడు. మా మరిది గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పని మానేసి ఇంటికి వచ్చేశాడు. 2018 చివర్లో గుజరాత్ బోట్ల మీదికి వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరి దాకా ఇల్లు చేరలేదు కదా, అప్పటి నుంచి మా అత్తకు వెరావల్ అంటే భయం. ఇంట్లో మగవాళ్లంతా ఒకే బోటు మీద, మన సముద్రంలోనే వేట చేసుకోవాలని ఆమె ఆశ. అందుకే 28 అడుగుల బోటు, ఇంజిన్‌తో కలిపి 2 లక్షల 40 వేలకు మాట్లాడుకున్నాం. అందులో లక్ష నా డ్వాక్రా లోను.

చూడటానికి నేనూ వెళ్లాను. లోపలా బయటా నిగనిగలాడుతూ ఉంది. "నాలుగేళ్ల బోటమ్మా, ఒక్క దెబ్బ కూడా తగల్లేదు" అన్నాడు. డబ్బు కట్టి మా ఊరి ఒడ్డున దించి ఇసుక మీద లాగుతుంటే, మామూలుగా పది మంది పట్టే బోటు పద్నాలుగు మందికి గానీ కదల్లేదు. మా చినమావయ్య ఆగిపోయి, "ఏట్రా, ఇంత బరువుంది?" అన్నాడు. "గట్టి ఫైబర్ బావా" అన్నాడు అమ్మినాయన. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఆ బరువే మాకు మొదటి హెచ్చరిక. బోటు మునగకుండా లోపల గదుల్లో ఫోమ్ నింపుతారు. ఎక్కడో పగులుంటే ఏళ్ల తరబడి ఆ ఫోమ్‌లోకి ఉప్పునీరు పడుతుంది, ఇక బయటికి రాదు. మేము లాగింది ఆ నీటి బరువు.

జూన్ 14తో నిషేధం అయిపోయింది. మూడు వారాలు వేట బాగానే సాగింది. జులైలో ఒక తెల్లవారుజామున వల లాగుతుంటే అడుగు నుంచి నీళ్లు వచ్చాయట. ఒకరు తోడుతుంటే ఇంకొకరు ఇంజిన్ స్టార్ట్ చేసే తాడు లాగుతున్నారు. ఆ ఇంజిన్ తగిలించిన వెనక పలక కూడా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. వల సగం కోసి వదిలేశారు. పక్క బోటు వాళ్లు తాడు వేసి లాక్కొచ్చారు. ఒడ్డున నేను, మా అత్త నిలబడి ఉన్నాం. నా కొడుకు కెరటంలోంచి నడిచి వస్తుంటే చేతులు వణుకుతున్నాయి, చేతిలో ఇంకా నీళ్లు తోడిన డబ్బా ఉంది. మనుషులు దక్కారు, అది చాలు.

మర్నాడు ఫైబర్ మేస్త్రీని పిలిచి బోటు బోర్లించాం. ఆయన ఉలి పెట్టి కొంచెం ఎత్తగానే మూరెడు అతుకు అప్పడంలా లేచి వచ్చింది. నీలం కింద తెలుపు, తెలుపు కింద ఆకుపచ్చ. రెండు పొరల మధ్య ఇసుక. బోటు అడ్డంగా విరిగితే పాత రంగు గీకకుండానే, ఉప్పు కడగకుండానే పైన మ్యాట్ అనే ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ అనే జిగురు పూసేశారని చెప్పాడు. సరిగా చేసే మేస్త్రీ విరిగిన చోటు చుట్టూ బాగా వెడల్పుగా, ఏటవాలుగా గ్రైండ్ చేస్తాడట. మంచినీళ్లతో కడిగి, రోజుల తరబడి ఆరనిచ్చి, లోపలా బయటా పొర మీద పొర వేస్తాడట. రంగు మీద వేసిన రెసిన్ రంగునే పట్టుకుంటుంది, ఫైబర్‌ను పట్టుకోదు. కెరటం మీద నాలుగు వారాలు దబదబా పడితే లేచిపోతుంది. ముందు ముక్కు దగ్గర గీకితే ఆకుపచ్చ మీద ఇంకో నంబరు కనిపించింది. మాకిచ్చిన కాగితంలోని నంబరు అది కాదు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు, 2021 సెప్టెంబరులో వచ్చిన గులాబ్ తుపానుకు మన ఒడ్డున ఎన్ని బోట్లు దెబ్బతిన్నాయో మనకు తెలుసు. అలా విరిగినవి ఏమయ్యాయో కూడా కొనేటప్పుడు గుర్తు పెట్టుకోవాలి.

సంతలో కుండ కొంటే వేలితో కొట్టి విని గానీ డబ్బు ఇవ్వం. బోటుకూ అదే పరీక్ష. రూపాయి బిళ్లతో గానీ చిన్న సుత్తి పిడితో గానీ అడుగంతా జానెడు జానెడు చొప్పున కొట్టుకుంటూ పోండి. గట్టి ఫైబర్ టంగుమని పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, అతుకు పట్టని చోట మొద్దుగా, చచ్చిన చప్పుడు వస్తుంది. అక్కడ సుద్దతో గీత గీయండి. అలలు లేని చోట, గాలి తగ్గాక, సాయంత్రం పూట చేస్తే బాగా వినపడుతుంది. అడుగున చిన్న చిన్న పొక్కులుంటే ఒకటి గుచ్చి చూడండి. పుల్లటి వాసనతో నీరు కారితే ఫైబర్ లోపలికి నీరు దిగిందని అర్థం.

నిషేధంలో మోటారు బోటును సముద్రంలో దించి చూడటానికి వీల్లేదు, అమ్మేవాళ్లకు అది బాగా కలిసొస్తుంది. దానికి మేస్త్రీ ఒక ఉపాయం చెప్పాడు. బోటు కింద ఇసుక బస్తాలు ఆనించి, లోపల చీలమండ మునిగేంత నీళ్లు పోసి ఒక గంట ఆగమన్నాడు. పగులుంటే బయట పొడి రంగు మీద చెమ్మ గీతలా కనపడుతుంది. అమ్మేవాళ్లు ఇందుకు ఒప్పుకోకపోతే ఆ బోటు వద్దు. కుదిరితే మార్చిలోనే, నిషేధానికి ముందే, వలతో మనుషులతో సముద్రం మీద తిప్పి చూసి కొనండి.

వెనక పలక సంగతి విడిగా చెప్పాలి. పైకి ఫైబర్ కనపడినా చాలా బోట్లకు లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజిన్ బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగి అది పుచ్చిపోతుంది. ఇంజిన్ పట్టుకుని ఇద్దరు గట్టిగా కిందికీ పైకీ ఊపండి, పలక కదలకూడదు. ఒక బోల్టు ఊడదీయించి చూడండి. మాది ఊడదీస్తే గోధుమ రంగు నీళ్లు కారాయి, తడి చెక్కపొట్టు వేలికి అంటుకుంది.

ఇంజిన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి మూత వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టారని అనుమానించాలి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి లోపలికి నీళ్లు వెళ్తున్నాయి.

కాగితాల దగ్గర మొహమాటం అస్సలు వద్దు. రిజిస్ట్రేషన్ నంబరు, బోటు మీది నంబరు, పొడవు, ఇంజిన్ నంబరు, బిల్లు అన్నీ కలవాలి. మత్స్యశాఖ ఆఫీసులో పేరు మార్పు అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి. మాకు నంబరు కలవక పేరు మారలేదు. దాంతో డీజిల్ సబ్సిడీ రాలేదు. నిషేధ భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు కదా, ఈ ఏప్రిల్‌లో బోట్ల లెక్కకు వచ్చినప్పుడు మా వాళ్ల పేర్లు ఆ జాబితాలోకి ఎక్కలేదు. లోను కంతు మాత్రం నెల నెలా కడుతూనే ఉన్నాను.

ఆ బోటు మా ఊరి సరుగుడు చెట్ల కింద బోర్లించి ఉంది. మేస్త్రీ గీసిన సుద్ద గీతలు వానకు చెరిగితే మా అబ్బాయి మళ్లీ గీశాడు. మంచి ఫైబర్ చప్పుడు ఎలా ఉంటుందో, చచ్చిన చప్పుడు ఎలా ఉంటుందో తెలియనివాళ్లు ఎవరైనా సరే, కొనే ముందు ఒకసారి వచ్చి కొట్టి విని వెళ్లండి. నేను దగ్గరుండి చూపిస్తాను.