ఫ్రైబుర్గ్‌లో పర్యావరణ మాస్టర్స్: చదివి బయటపడ్డాక రాస్తున్న సమీక్ష

సుస్థిరత, సామాజిక న్యాయం రెండూ ఒకే డిగ్రీలో నేర్పుతామని రాసుకునే కోర్సులు యూరప్‌లో చాలానే ఉన్నాయి. జర్మనీ నైరుతి మూలనున్న ఫ్రైబుర్గ్‌ విషయంలో మొదటి సగానికి కళ్ళు మూసుకుని మంచి మార్కులు వేయొచ్చు. రెండో సగం మాత్రం క్లాసులో కన్నా ఫీజు చలానాలోనూ, అద్దె ఒప్పందంలోనూ ఎక్కువ అర్థమవుతుంది.

ఈ ఊరికి పచ్చపేరు ఊరికే రాలేదు. ఇక్కడికి దగ్గర్లోని వ్యూల్‌లో అణు విద్యుత్ కేంద్రం కడతామంటే 1975 ఫిబ్రవరిలో ద్రాక్షతోటల రైతులు, విద్యార్థులు కలిసి ఆ స్థలాన్ని ఆక్రమించుకుని కూర్చున్నారు. ఆ కేంద్రం చివరికి కట్టనే లేదు. ఆ ఊపులోనే 1977లో ఓకో ఇన్‌స్టిట్యూట్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పుట్టింది, 1981లో ఫ్రౌన్‌హోఫర్ సౌరశక్తి సంస్థ ఇక్కడే మొదలైంది. అందుకే లెక్చర్ వినే గది నుంచి, అందులో చెప్పిన పని నిజంగా జరిగే చోటికి ట్రామ్‌లో వెళ్ళిపోవచ్చు. ఈ సౌకర్యం మరో చోట దొరకడం కష్టం.

దరఖాస్తు దగ్గరే చాలామంది తడబడతారు. భారతీయ విద్యార్థులకు 2022 నవంబర్ నుంచి, చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. దాని ఫీజు 18,000 రూపాయలు. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ కోసం ఎదురుచూడకుండా ముందే పెట్టేయాలి. రెండోది మన మార్కుల్ని జర్మన్ గ్రేడులోకి మార్చడం. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. పదికి 8 వచ్చిన వాళ్ళకు పాస్ మార్కు 4 అయితే 2.0 వస్తుంది, 5 అయితే 2.2. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్. అంటే పాస్ మార్కు ఎంతో ట్రాన్స్‌క్రిప్ట్‌లో రాసి ఉండకపోతే నష్టపోయేది మీరే. కాలేజీ పరీక్షల విభాగం నుంచి ఆ ఒక్క వాక్యానికి వేరే లెటర్ తీసుకోండి.

డబ్బు లెక్క ఇది. 2024 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే జమచేసి నెలనెలా కొంతే తీసుకోగల ఖాతాలో, 11,904 యూరోలు చూపాలి. నెలకు 992 చొప్పున మీ చేతికి వస్తాయి. దీనికి అదనంగా, 2017-18 శీతాకాల సెమిస్టర్ నుంచి బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. పక్క సీట్లోని జర్మన్ విద్యార్థికి ఆ ఫీజు లేదు, మామూలు సెమిస్టర్ చందా కడితే చాలు. వాతావరణ న్యాయం మీద సెమినార్‌లో పేద దేశాలకు జరిగే అన్యాయాన్ని చర్చించే బల్ల చుట్టూ, పెద్ద ఫీజు కట్టి కూర్చున్నది ఆ దేశాల వాళ్ళే. దీన్ని సెమినార్‌లో లేవనెత్తితే ఎవరూ కోప్పడరు, కాసేపు మంచి చర్చే నడుస్తుంది. ఫీజు మాత్రం తగ్గదు.

గది దొరికాక రెండు వారాల్లోపు మునిసిపాలిటీలో నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ఫారం కావాలి. కొద్ది రోజులకు తీసుకున్న గదుల యజమానులు చాలామంది ఆ సంతకం పెట్టరు. నమోదు లేకపోతే టాక్స్ నంబర్ రాదు, పార్ట్‌టైమ్ జీతం ఎక్కువ కోతతో వస్తుంది. అందుకే గది బేరమాడేటప్పుడు అద్దె కన్నా ముందు ఆ సంతకం సంగతి అడగాలి. ప్రజా రేడియో, టీవీల కోసం వసూలు చేసే రేడియో చందా అని నెలకు 18.36 యూరోల ఉత్తరం ఒకటి వస్తుంది. అది మనిషికి కాదు, ఫ్లాట్‌కు. ఒకరు కడుతుంటే మిగతావాళ్ళు ఆ చందా నంబర్ రాసి పంపితే చాలు. ఉత్తరాన్ని చెత్తలో పడేస్తే మాత్రం బాకీ పెరుగుతూనే ఉంటుంది.

చదువు పద్ధతి మన దగ్గరిలా ఉండదు. అటవీ, పర్యావరణ విభాగంలో చాలా మాడ్యూళ్ళు మూడేసి వారాల బ్లాకులు. ఒక్క సబ్జెక్టే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది, చివర్లో పరీక్షో రిపోర్టో ఉంటుంది, మర్నాడు కొత్త సబ్జెక్టు. దీంతో లోతు వస్తుంది కానీ, జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే మాడ్యూల్‌లో పెద్ద ముక్క పోయినట్టే. పరీక్షకు ఆన్‌లైన్‌లో గడువులోపు విడిగా నమోదు చేసుకోవాలి. క్లాసులన్నీ విన్నా సరే, నమోదు మరిస్తే పరీక్ష లేదు. సామాజిక శాస్త్రాల వైపు మొగ్గు ఉన్నవాళ్ళు గ్లోబల్ స్టడీస్ కోర్సు చూడొచ్చు. కేప్‌టౌన్, బ్యూనస్ ఎయిర్స్ లాంటి నగరాల విశ్వవిద్యాలయాలతో, ఢిల్లీ జేఎన్‌యూతో కలిసి నడిచిన కోర్సు అది. న్యాయం అన్న మాటకు అక్కడ కాస్త ఎక్కువ బలం ఉంటుంది.

అసలు ప్రాక్టికల్స్ వంటింట్లో మొదలవుతాయి. ఖాళీ ఆవకాయ సీసానే తీసుకోండి. మూత లోహం కాబట్టి ప్యాకింగ్ చెత్త వేసే పసుపు సంచిలోకి. సీసా వీధి చివరి గాజు డబ్బాల్లో తెల్లదానిలోకి, అదీ ఆదివారం కాకుండా, రాత్రి కాకుండా. కడగక్కర్లేదు, చెంచాతో గీకితే చాలు. కడిగితే నీళ్ళు దండగ. అదే విరిగిన గ్లాసు అయితే గాజు డబ్బాలో వేయకూడదు. దాని గాజు వేరే వేడికి కరుగుతుంది, అందుకని మామూలు చెత్తలోకి. సూపర్‌మార్కెట్ బిల్లు కాగితమే కదా అని కాగితాల డబ్బాలో వేస్తారు, అది థర్మల్ పేపర్, అదీ మామూలు చెత్తే. కూరగాయల తొక్కలు బయోగ్యాస్ తయారీకి వెళ్తాయి కాబట్టి ఆ డబ్బాలో ప్లాస్టిక్ సంచి అస్సలు పడకూడదు.

గోడల బూజు ఇంకో పాఠం. ఇక్కడి ఇళ్ళు చలికి గాలి దూరకుండా కట్టినవి. అన్నం వార్చిన ఆవిరి, పులుసు ఆవిరి, గదిలో ఆరేసిన బట్టల తేమ ఎటూ పోవు. చాలామంది కిటికీని పైన కొద్దిగా వంచి రోజంతా వదిలేస్తారు. తప్పంతా అక్కడే. కిటికీ చుట్టూ గోడ చల్లబడి, తేమంతా అక్కడే నీరై, నెలలో నల్లమచ్చలు వస్తాయి. గదులు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడే కారణాల్లో ఇదొకటి. హీటర్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, ఐదు నిమిషాలు ఉంచి మూసేయాలి. రోజుకు మూడు సార్లు, వంటయ్యాక ఇంకోసారి.

వోబాన్ పేట అందరూ చూపించేదే. ఫ్రెంచి సైన్యం 1992లో ఖాళీ చేసిన బారకుల స్థలంలో సుమారు 5,500 మంది ఉండేలా కట్టారు. చాలా ఇళ్ళ ముందు కారు నిలిపే చోటే లేదు. కారున్నవాళ్ళు పేట అంచునున్న గ్యారేజీలో స్థలం కొనుక్కోవాలి, లేనివాళ్ళు లేదని రాసివ్వాలి. దాని పక్కనే ఆర్కిటెక్ట్ రోల్ఫ్ డిష్ రూపొందించిన 59 ఇళ్ళు తాము వాడే కరెంటు కన్నా ఎక్కువ తయారుచేస్తాయి. చూడాల్సినవే. కానీ అక్కడ గది అద్దెకు వెతికితే విద్యార్థికి అందదు. మరి అందే అద్దెకు ఇల్లు ఎలా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన వాళ్ళ దగ్గరికి టూరు బృందాలు అంతగా వెళ్ళవు. అలాంటిదే మీట్స్‌హోయ్‌జర్ సిండికాట్, అద్దె ఇళ్ళను ఉండేవాళ్ళ చేతుల్లోనే ఉంచే సంఘాల కూటమి. ఇది ఈ ఊరిలోనే పుట్టింది. ప్రతి ఇంటికీ ఒక చిన్న కంపెనీ ఉంటుంది. అందులో వాటాదారులు ఇద్దరే: ఇంట్లో ఉండేవాళ్ళ సంఘం, సిండికాట్. ఇల్లు అమ్మాలంటే సిండికాట్ ఒప్పుకోవాలి, అది ఒప్పుకోదు. అలా ఆ ఇల్లు మార్కెట్ నుంచి శాశ్వతంగా బయటికొస్తుంది. నా లెక్కలో డిగ్రీ మొత్తంలో న్యాయం గురించి నేర్పిన గట్టి పాఠం ఇదే, సిలబస్‌లో ఉండాల్సిన అవసరం లేకుండానే.

సీసాల డిపాజిట్, అంటే కొన్నప్పుడు కట్టి ఖాళీ సీసా ఇచ్చినప్పుడు తిరిగి తీసుకునే డబ్బు, కూడా గమనించండి. ఒక్కసారి వాడే ప్లాస్టిక్ సీసాకూ, పానీయం డబ్బాకూ 25 సెంట్లు, బీరు సీసాకు 8 సెంట్లు. సాయంత్రాలు టార్చి పట్టుకుని చెత్తడబ్బాల్లో వాటిని ఏరుకునేవాళ్ళలో ముసలివాళ్ళు ఉంటారు. అందుకే ఊరివాళ్ళు సీసాను డబ్బా లోపల కాకుండా పక్కన నిలబెడతారు. మన వీధుల్లో పాత సామాను కొనేవాడు చేసే పనే ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ దాన్ని పనిగా ఎవరూ లెక్కించరు. చెత్త యాజమాన్యం క్లాసులో ఈ ప్రస్తావన రాకపోతే మీరే తెండి.

ఇంటర్న్‌షిప్ విషయంలో జాగ్రత్త. కోర్సులో తప్పనిసరి అయిన ఇంటర్న్‌షిప్‌కు జర్మనీ కనీస వేతన చట్టం వర్తించదు. స్వచ్ఛంద సంస్థలు చాలావరకు ఉచితంగానో, చిల్లరకో చేయించుకుంటాయి. ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్ళే మంచి సంస్థలో చేరగలుగుతారు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అరపూటలు పనిచేయొచ్చు కాబట్టి, మొదటి ఏడాదే కొంత వెనకేసుకోవడం మంచిది. కోర్సు ఇంగ్లీషులోనే అయినా, సంస్థ సమావేశాలు జర్మన్‌లో జరుగుతాయి. జర్మన్‌లో బీ1 అనే మధ్య స్థాయి కూడా లేకపోతే ఎక్సెల్ షీట్లు నింపే పనే మిగులుతుంది.

థీసిస్‌కు ఆరు నెలలు. మనవాళ్ళకు ఇక్కడో మంచి అవకాశం ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ దళిత మహిళా సంఘాలతో పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ ప్రైజ్ అందుకుంది. విత్తనాలు దాచుకుని చిరుధాన్యాలు పండించే ఆ పద్ధతి మీద తెలుగులో మాట్లాడి రాసుకురాగలిగేవాళ్ళు మీ బ్యాచ్‌లో మీరొక్కరే ఉండొచ్చు. అయితే తేదీలు సరిచూసుకోండి. ఏప్రిల్‌లో నమోదు చేసుకుని మేలో జహీరాబాద్ వైపు వెళ్తే చేలు ఖాళీగా కనిపిస్తాయి. విత్తడం చూడాలంటే జూన్, కోత చూడాలంటే దసరా తర్వాత. గైడ్‌కు ఈ సంగతి తెలిసి ఉండదు కాబట్టి, ప్రతిపాదనలోనే పంట క్యాలెండర్ పెట్టి నమోదు తేదీని జూన్‌కు జరిపించుకోవాలి.