లండన్ ఫ్రాయిడ్ మ్యూజియం: ఆ సోఫా ముందు అరగంట

ఫించ్లీ రోడ్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే మేర్స్‌ఫీల్డ్ గార్డెన్స్‌లో 20వ నంబరు ఇల్లు. మనసు బాధలకు మాటలతో చికిత్స చేసిన వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ నాజీల నుంచి తప్పించుకుని 1938లో ఇక్కడ చేరి, మరుసటి ఏడాది ఇక్కడే కన్నుమూశారు. పేషెంట్లు పడుకున్న సోఫా మీద ఇరానీ తివాచీ, తల వెనక ఆయన కుర్చీ. పేషెంటుకు ఆయన ముఖం కనపడదు.

నాన్న పోయిన సంగతి నేను చాలామందికి చెప్పాను, వార్తలు చదివినట్టు. భావోద్వేగం తోడు రాని జ్ఞాపకం వల్ల దాదాపు ఫలితం ఉండదని ఫ్రాయిడ్, ఆయన తోటి వైద్యుడు బ్రాయర్ 1893లోనే రాశారు. ఆ మాట నాకు ఆ కుర్చీ చూస్తుంటే అర్థమైంది. ఎదురుగా ఎవరి ముఖమూ లేకపోతే నేనూ ఏడ్చేదాన్నేమో.

పైన ఫ్రాయిడ్ కూతురు ఆన్నా ఫ్రాయిడ్ గది, ఆవిడ మగ్గం కూడా చూడండి. వీలైతే ఒంటరిగా వెళ్లండి.