తారు రోడ్డా, సిమెంటు రోడ్డా?

విశాఖపట్నంలో సివిల్ ఇంజనీరింగ్ చదువుతూ రహదారుల నిర్మాణాన్ని ఎంచుకున్న నాకు ఈ రెండింటి తేడా ప్రయోగశాలలోనే స్పష్టమైంది. తారు మిశ్రమం ఎంత బరువు తట్టుకుంటుందో చూసే మార్షల్ పరీక్షకు తారు, కంకర కలిపిన దిమ్మెను 60 డిగ్రీల నీటిలో అరగంటకు పైగా ఉంచి యంత్రంలో నొక్కినప్పుడు అది మెల్లగా నలుగుతూ రూపు మారింది. సిమెంటు దిమ్మె మాత్రం చివరిదాకా బరువు మోసి ఒక్కసారిగా పగిలింది.

తారు రోడ్డు చక్రాల బరువును పొరపొరగా కిందికి దించుతుంది కాబట్టి, అడుగు మట్టి నానితే పైపొర ఎంత బాగున్నా కుంగిపోతుంది. సిమెంటు పలక ఆ బరువును విశాలంగా పంచుతుంది. తుఫాను వానలు కురిసే ఈ తీరంలో, రేవుకు వెళ్లే లారీలు ఆగి ఆగి కదిలే దారుల్లో, ఈ గుణమే కీలకమని నా నమ్మకం.

మొదటి ఖర్చు సాధారణంగా తారుకే తక్కువ. పైగా రోలర్ తిరిగి పొర చల్లారితే కొద్ది గంటల్లోనే వాహనాలను వదలవచ్చు. సిమెంటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. మొదటి రెండు వారాలైనా దాని తడి ఆరనివ్వకూడదు. మంచినీటి గొట్టాల కోసం తరచూ తవ్వే కాలనీ వీధుల్లో తారుకు అతుకు వేయడం తేలిక. నిధులు పరిమితమైన మన దేశంలో రేవు దారులకు సిమెంటు, వీధులకు తారు తగినవని భావిస్తున్నాను. పక్కకాలువ మాత్రం రెండింటికీ తప్పనిసరి.