నాయనమ్మ నిద్రకు అడ్డం రాని గేమింగ్ లాప్‌టాప్: మింట్‌తో రెండున్నరేళ్లు

ఎంత ర్యామ్, ఎన్ని హెర్ట్‌జ్ తెర అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఫ్యాన్ చప్పుడు గురించి.

గుంటూరులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఒక మూల నా బల్ల, ఇంకో మూల నాయనమ్మ మంచం. 2022లో ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ కొన్నాను. పగలు దాని మీదే ఆఫీసు పని, రాత్రి కాసేపు ఆట. ఆడేటప్పుడు ఫ్యాన్లు మోగాయంటే అర్థం ఉంది. కానీ ఇది రాత్రి పదకొండింటికి ఉత్త బ్రౌజర్ తెరిచి ఉన్నా రొద పెట్టేది. "ఒరేయ్, ఆ మిషను కట్టెయ్‌రా, పిండిమర పక్కన పడుకున్నట్టుంది" అనేది నాయనమ్మ.

ఇలాంటి లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ రెండు ఉంటాయి. ప్రాసెసర్‌లోనే ఒక చిన్నది, విడిగా ఒక పెద్ద కార్డు. పని లేనప్పుడు పెద్దది నిద్రపోవాలి. నాది పోయేది కాదు. లాప్‌టాప్‌తో వచ్చిన సిస్టమ్‌లో దాన్ని ఎవరు లేపుతున్నారో ఏడాది వెతికినా నాకు దొరకలేదు. అందుకే 2023 జూన్‌లో లినక్స్ మింట్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాను.

పెట్టడం పెద్ద పనేం కాదు. డ్రైవర్ మేనేజర్ తెరిచి, పెద్ద కార్డును నడిపించే ఎన్విడియా డ్రైవర్ ఎంచుకుని, రీస్టార్ట్ చేసి, ఆన్-డిమాండ్ పద్ధతికి మార్చాను. ఆ పద్ధతిలో తెర పని చిన్న గ్రాఫిక్స్ చూసుకుంటుంది, పెద్ద కార్డు పిలిస్తేనే లేస్తుంది. అది నిజంగా పడుకుందో లేదో చూడటానికి సిస్టమ్‌లోనే రన్‌టైమ్ స్టేటస్ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీలో, తెరిస్తే ఒకటే మాట వస్తుంది. నాకు 'యాక్టివ్' అని వచ్చింది.

ఇక్కడే ఈ సిస్టమ్ మీద నాకు మనసు కుదిరింది. ఫ్యూజర్ అనే కమాండ్‌తో, కార్డును పట్టుకుని కూర్చున్న ప్రోగ్రాములు ఏవేవో పేర్లతో సహా చూపించమని అడగొచ్చు. అడిగాను. కార్డు వేడి ఎంతుందో చూపించడానికి నేనే తెర అంచున ప్యానెల్‌లో పెట్టుకున్న ఆప్లెట్ అనే చిన్న ప్రోగ్రాము బయటపడింది! రెండు సెకన్లకోసారి అది కార్డును లేపి వేడి అడుగుతోంది. నిద్రపోతున్న పసిపిల్లని జ్వరం చూడ్డానికని మాటిమాటికీ లేపినట్టు. దాన్ని తీసేశాను. కాసేపాగి మళ్లీ చూస్తే 'సస్పెండెడ్'. బ్యాటరీ మీద పదిహేడు, పద్దెనిమిది వాట్లు తాగేది తొమ్మిదికి దిగింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆ రాత్రి గదిలో గోడ గడియారం చప్పుడు వినిపించింది.

ఆ నిశ్శబ్దం రెండేళ్లు చెక్కుచెదరలేదు. 2024లో మింట్ 22కి మారినా ఏమీ తేడా రాలేదు. 2025 ఎండాకాలంలో మాత్రం పోయింది.

డబ్ల్యూ మీట సరిగా పడక కీబోర్డు మార్పించడానికి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగిచ్చారు. ఆ రాత్రే పిండిమర మళ్లీ మొదలైంది. ఎండలు కదా అనుకున్నాను. దుమ్మేమో అని కింది మూత విప్పి బ్రష్‌తో దులిపాను. మూడో రోజు ఆఫీసు మీటింగ్‌కి టీవీకి కేబుల్ పెడితే బొమ్మే రాలేదు. నా లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ వెళ్లేది పెద్ద కార్డుకే. అప్పుడు వెలిగింది, డ్రైవరే లోడవ్వట్లేదని. చేత్తో లోడ్ చేయబోతే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంది.

జరిగిందేమిటంటే, సర్వీస్‌లో నాతో ఒక మాటైనా అనకుండా బయోస్, అంటే లాప్‌టాప్ ఆన్ అవగానే ముందుగా లేచే సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేశారు. దాంతో నేను ఆపి ఉంచిన సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ అయింది. అది ఆన్‌లో ఉంటే, తనకు తెలిసిన డిజిటల్ సంతకం లేని డ్రైవర్‌ని, సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ లేని కార్డును నిద్రపుచ్చేవాళ్లుండరు. ఏ పనీ లేకుండా మేలుకునే ఉండి వేడెక్కుతుంది.

సెక్యూర్ బూట్ మళ్లీ ఆపేస్తే సరిపోయేది. కానీ ఎందుకు ఆపాలి, సంతకమే నమోదు చేద్దాం అనుకున్నాను. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో ఆ సంతకం తాలూకు కీ ఇచ్చి, ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి రీస్టార్ట్ చేయాలి. అప్పుడొక నీలం తెర వస్తుంది, ఏదో ఒక మీట నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. నేను మంచినీళ్లకని లేచి వెళ్లాను. వచ్చేసరికి లెక్క అయిపోయి మామూలుగా బూట్ అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి. రెండోసారి కదలకుండా కూర్చుని మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్ అన్నీ వరసగా చేశాను. కార్డు పడుకుంది. ఈ పని చేసేవాళ్లెవరైనా ఆ పది సెకన్లూ కుర్చీలోంచి లేవకండి.

మొదటి ఏడాది మింట్ గురించి ఎంత చెప్పానంటే, ఆఫీసులో ఇద్దరి చేత పెట్టించాను కూడా. ఇప్పుడైతే కొంచెం ఆగి చెబుతాను. బయటి మానిటర్ పెట్టుకుంటే ఈ నిశ్శబ్దం ఉండదు, ఆ కేబుల్ పెద్ద కార్డును లేపే ఉంచుతుంది. నేను రాత్రిళ్లు మానిటర్ తీసేస్తాను కాబట్టి సరిపోతోంది. కీబోర్డు లైట్ల రంగులు మార్చే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇక్కడ లేదు, నాకు దాని అవసరం పడలేదు. ఆటల సంగతికొస్తే, విండోస్ ఆటల్ని లినక్స్ మీద నడిపించడానికి 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ పుణ్యమా అని, వాళ్ల ఆటల దుకాణం స్టీమ్‌లో నేను ఆడేవన్నీ ఆడుతున్నాయి. విచర్ 3 మొత్తం దీని మీదే పూర్తి చేశాను. కానీ నావన్నీ ఒంటరిగా ఆడుకునే ఆటలు. కెర్నెల్‌లోకి దిగే యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రాము) ఉన్న ఆన్‌లైన్ ఆటలు మా తమ్ముడికి ప్రాణం. అవి మింట్ మీద ఆడవు. వాడు సెలవులకి వస్తే ఆడుకోవాలని రెండో ఎస్‌ఎస్‌డీలో పాత సిస్టమ్ అలాగే ఉంచాను. మీరూ అవే ఆడేవాళ్లైతే నా మాట విని అదొక్కటీ తుడిచేయకండి.

నా ఇల్లు, నా పని, నా ఆటలు, వీటికైతే ఇంతకన్నా మంచిది నాకు కనబడలేదు. బ్యాటరీ కాస్త నీరసించింది, వచ్చే నెల మార్పించాలి. ఈసారి సర్వీస్‌కి ఇచ్చే ముందే బయోస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకున్నాను.