సిగరెట్టుకు సరిపోయిన పాఠం జూదానికి చాలలేదు

బెంగళూరు మారతహళ్లిలోని ఒక ప్రైవేటు కౌన్సెలింగ్ కేంద్రంలో, ఆదివారాలు తెలుగులో నడిచే ఆరు వారాల వ్యసన విముక్తి తరగతులకు నేనూ మా తమ్ముడూ కలిసి వెళ్లాం. నాది పదకొండేళ్ల సిగరెట్టు, వాడిది ఫోనులో డబ్బు పెట్టి ఆడే రమ్మీ జూదం. ఇద్దరికీ చెప్పింది ఒకే పాఠం. అదంతా అభ్యసన సిద్ధాంతాల మీదే, అంటే అలవాట్లను మనం ఎలా నేర్చుకుంటామో చెప్పే సిద్ధాంతాల మీదే సాగింది.

సిగరెట్టు విషయంలో ఆ పాఠానికి నేను ఋణపడి ఉన్నాను. పీల్చిన పొగలోని నికోటిన్ పది, ఇరవై సెకన్లలోనే మెదడుకు చేరుతుందనీ, ఫలితం అంత వెంటనే అందడం వల్లనే ఆ పని మనలో గట్టిగా నాటుకుంటుందనీ తరగతి చెప్పే మేడమ్ వివరించారు. దాదాపు రెండు గంటల్లో రక్తంలోని నికోటిన్ సగానికి తగ్గుతుంది, చిరాకు మొదలవుతుంది, ఇంకొకటి వెలిగించగానే అది పోతుంది. బాధ తొలగడం వల్ల అలవాటు ఇలా బలపడటమే ఋణాత్మక పునర్బలనం. శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగంలో కుక్కలకు తిండి రాకముందే నోరూరించిన శబ్దం లాంటిది నాకేమిటో కూడా అక్కడే తెలిసింది. సిగరెట్టు తాగాలనిపించిన ప్రతిసారీ వేళ, చోటు రాయమన్నారు. వారం తర్వాత చూస్తే సగానికి పైగా ఆఫీసు ఎదుటి కాండిమెంట్స్ కొట్టులో టీ గ్లాసు చేతిలో ఉన్నప్పటివే. టీ మానలేదు, తాగే చోటు మార్చాను. నాలుగు నెలలుగా సిగరెట్టు ముట్టలేదు.

తమ్ముడి దగ్గర ఈ లెక్క తప్పింది. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడే ఆ పని ఆగకుండా సాగుతుందని మనస్తత్వవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో ప్రచురించిన పావురాల ప్రయోగాలతో మేడమ్ చెప్పారు. ఆ మాట నిజమే. కానీ ఓటమి కూడా శిక్షే కదా, గెలిచిన పదిసార్లు నేర్పింది పోగొట్టుకున్న వందసార్లు ఎందుకు చెరిపేయలేదని అడిగితే సమాధానం రాలేదు. ‘ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి రావాల్సిందే’ అనే ఆలోచన, ఒక్క ముక్క తక్కువై పోయిన ఆటను దాదాపు గెలిచినట్టే భావించడం, ఇవి ఆ పాఠంలో లేవు. స్నేహితులను చూసి మొదలుపెట్టాడన్నది, ఇతరులను చూసి నేర్చుకుంటామనే మనస్తత్వవేత్త బందూరా సిద్ధాంతానికి సరిపోతుంది. అదే గదిలో ఆడిన నలుగురిలో ముగ్గురు మానేసి వీడొక్కడే ఎందుకు చిక్కుకున్నాడన్నదానికి అది చాలదు. ఇందులో వంశపారంపర్యానికీ పాత్ర ఉందని కవలల అధ్యయనాలు చూపినా, ఆరు వారాల్లో ఆ ప్రస్తావనే రాలేదు.

యాప్ తీసేయమన్నది వాడికిచ్చిన ప్రధాన సలహా. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక రమ్మీ యాప్ ఎలాగూ పోయింది. వాడు క్రికెట్ పందేలకు మళ్లాడు. ప్రేరేపించే వస్తువు కంటికి దూరమైనా కోరిక పోలేదన్నది మా ఇంట్లో కళ్లారా చూసిన విషయం.

పొగతాగేవారు ఈ తరగతులకు తప్పక వెళ్లవచ్చు. జూదానికి మాత్రం ‘ఈసారి రావాల్సిందే’ లాంటి ఆలోచనలను విప్పి చూపే చికిత్స విడిగా ఉండాలి. వచ్చే వారం వాణ్ణి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోని వ్యసన చికిత్సా విభాగానికి తీసుకువెళుతున్నాను.